ఆవిరిగండి ఇంటికావలి

కొంచెం దగ్గరగా జరిగి కూర్చోండి. ఇది గొంతు పెంచి చెప్పే కథ కాదు. మొదలుపెట్టే ముందు మన పొలిమేర తాతకి అగరొత్తులు వెలిగించి వచ్చాను. చల్లగా చూడు తాతా, మేం మాటలే చెప్పుకుంటున్నాం, ఎవర్నీ పిలవడం లేదు అని విన్నవించుకున్నాను. మీరూ మనసులో ఓసారి దణ్ణం పెట్టుకోండి. నష్టమేం లేదుగా.

మన హువాలియెన్ ఊళ్లో చేపల రేవు వెనక సందులో యూచిన్ టిఫిన్ కొట్టు అందరికీ తెలిసిందే. తెల్లారేసరికి సోయా పాల ఆవిరి, పెనం మీద గుడ్డట్ల చిటపట. మధ్యాహ్నానికి కొట్టు కట్టేసి, బల్లలు తుడిచి, కుర్చీలు బోర్లించేస్తుంది. ఆ రోజు మాత్రం ఒక బల్ల ఖాళీ చెయ్యలేదు. దానిమీద కొండల పటం పరిచి ఉంది. ఒక మూల మీద మిరపకారం సీసా, ఇంకో మూల మీద చంద్రుడి పండక్కి తెచ్చి మిగిలిపోయిన పంపరపనస కాయ. పటం మీద వాలిపోయి ఇద్దరు కుర్రాళ్లు.

ఒకడు యూచిన్ తమ్ముడు. రెండోవాడు వాడి స్నేహితుడు. ఇద్దరూ సెలవు దొరికితే చాలు, ఏరు పట్టుకుని ఎగువకి నడిచిపోయే రకం.

“ఇదిగో అక్కా, ఇక్కడ బండి ఆపుతాం. వేలాడే వంతెన దాటితే ఇంక బాట లేదు. ఏరే బాట. ఇలా వెళ్లి, ఇలా తిరిగి, ఇదిగో, ఇదే ఆవిరిగండి. ఒడ్డునే వేణ్ణీళ్ల ఊటలు. రాత్రంతా నీళ్లలో నానొచ్చు.”

“రాత్రంతా నానడానికి నువ్వేమైనా పెసలా? పడుకునేది ఎక్కడ?”

“ఇసుక మేట మీద.”

యూచిన్ చేతిలో తుడుపు గుడ్డ ఆగిపోయింది. “ఎగువన వాన పడితే?”

“సరే, గట్టు మీద. ఈ రాళ్ల గట్టు మీద. చాలా?”

“నీళ్లు రంగు తిరిగితే?”

“ఎక్కేస్తాం.”

“ఆకులూ కొమ్మలూ కొట్టుకొస్తే?”

“ఎక్కేస్తాం తల్లీ. తాడు ఉంది, జారని బూట్లు ఉన్నాయి, మరీ అవసరమైతే వీడి వీపు మీదెక్కి ఈదేస్తా.”

రెండోవాడు గుడ్డట్టు నములుతూ తల కూడా ఎత్తలేదు. “నేను మునిగితే నువ్వూ మునుగుతావు. బాగా ఆలోచించుకో.”

యూచిన్‌కి నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. వాళ్లమ్మ పోయేనాటికి తమ్ముడికి ఇంకా పాలపళ్లు ఊడలేదు. యూచిన్‌కి అప్పటికి జడ వేసుకుని బడికెళ్లే వయసు. అప్పట్నుంచీ వాడి అన్నం, వాడి జ్వరం, వాడి బడి, వాడి అల్లరి, అన్నీ ఆవిడవే. పెళ్లి ఊసెత్తితే, “నాకు పుట్టకుండానే కొడుకున్నాడు, చాల్లే” అనేది. ఆవిడకి లోకంలో ఉన్నది ఆ ఒక్కడే. ఈ సంగతి మీరు గుర్తుపెట్టుకోవాలి.

కొండకి వెళ్లేవాళ్లు మన వైపు ఎవరో ఒకర్ని ఇంటికావలిగా పెట్టుకుని వెళ్తారు కదా. ఎక్కడికి వెళ్తున్నారో, ఏ దారో, ఎప్పటికి వస్తారో ఆ మనిషికి చెప్పాలి. ఆ మనిషి కొండెక్కడు, ఇంట్లోనే ఉంటాడు. పెట్టుకున్న గడువు లోపల ఫోన్ రాకపోతే అగ్నిమాపక దళానికి కబురు చెయ్యాలి. వాళ్లొచ్చి వెతుకుతారు. అంతే పని. అంత పని. ఎప్పట్లాగే ఈసారీ ఇంటికావలి యూచినే.

“శనివారం పొద్దున వెళ్తాం. ఆదివారం చీకటి పడే లోపల వంతెన దగ్గరికొస్తాం. సిగ్నల్ అక్కడే. చీకటి పడ్డా ఫోన్ రాలేదంటే నువ్వు ఆగొద్దు. వెంటనే చెయ్యి.”

“ఒక్క క్షణం ఆగను.”

“ఇంకోటి. ఫోన్లో అసలు పేర్లు వద్దు. ఈ గండి సంగతి వేరంటున్నారు. నేను ముల్లంగి, వీడు తాబేలు.”

కొండ మీద అసలు పేరు వినిపించకూడదని మనవాళ్లు పాటిస్తారు. అందుకే తలో కొండపేరు. పిలిచినది మనిషో కాదో తెలియనప్పుడు పలక్కుండా ఉండడానికి అదొక్కటే అడ్డం. నేనూ ఈ కథలో తాబేలుని అలాగే పిలుస్తాను. తాబేలు అసలు పేరు అస్సలు చెప్పను. ఆ కుర్రాడు ఇంకా బతికున్నాడు.

“ముల్లంగా?” అంది యూచిన్. “నీ ముడ్డి కడిగి పెంచినదాన్ని, నిన్ను ముల్లంగీ అని పిలవాలా?”

“ఏం, తెల్లగా పొడుగ్గా లేనూ?”

“సగం కుళ్లింది కూడా” అన్నాడు తాబేలు.

అప్పుడే లోపలికొచ్చింది గుయ్ పిన్ని. సందు చివర పొలిమేర తాత గుడి చూసుకునేది ఆవిడే. మిగిలిన సోయా పాలు తాతకి పెట్టడానికి రోజూ ఆ వేళకి వస్తుంది. పటం మీద తమ్ముడు వేలు పెట్టిన చోటు చూసి గిన్నె కింద పెట్టేసింది.

“యూచిన్, వాళ్ల సంగతి కాదు, నీ సంగతి నువ్వు చూసుకో. వాళ్లు కొండ మీద ఉంటారు కాబట్టి జాగ్రత్తగా ఉంటారు. నువ్వు ఇంట్లో ఉంటావు. ఇంట్లో ఉన్నవాళ్లకి భయం ఉండదు, నోరు జారుతుంది. కోపమొచ్చినా పేరు పెట్టి పిలవకు.”

“నేను ఇంట్లో పిలిస్తే కొండకి వినపడుతుందా పిన్నీ?”

“ఫోన్ అంటే ఏవిటి మరి? రెండు వైపులా వినపడేదేగా.”

యూచిన్ సరేనంది. శనివారం తెల్లవారుజామున వాళ్ల సంచుల్లో తనే బియ్యం, ఎండు రొయ్యలు, అల్లం ముక్క సర్దింది. తాత గుడి ముందు ఇద్దరి చేతా వంగి దణ్ణం పెట్టించింది. బండి సందు మలుపు తిరిగేదాకా నిలబడింది. మలుపులో తమ్ముడు చెయ్యి బయటికి పెట్టి ఊపాడు.

ఆదివారం మధ్యాహ్నం వరకూ ఎండ. యూచిన్ బల్లలు కడిగింది, సోయా గింజలు నానబోసింది. సముద్రం వైపు ఆకాశం నీలంగానే ఉంది. కొండల వైపు మాత్రం, ఎగువన, ఒక నల్లటి ముద్ద కూర్చుంది. కదలడం లేదు. ఊళ్లో చుక్క వాన లేదు. గాలి కూడా లేదు. కొట్టులో నానిన సోయా గింజల పచ్చివాసన, దానికింద ఇంకేదో... తడి రాయి వాసన. పాచి పట్టిన రాయిని తిరగేస్తే వచ్చే వాసన. కాలవ పొంగిందేమోనని వెనక తలుపు తీసి చూసింది. కాలవ ఎండిపోయి ఉంది.

పొద్దు వాలింది. వీధి దీపాలు వెలిగాయి. ఫోన్ బల్ల మీద పెట్టుకుని ఎదురుగా కూర్చుంది. ఎదురింటి గోడ మీద వెలుగు ఎర్రబడి, మసకబారి, పోయింది.

చీకటి పడింది.

ఒక్క క్షణం ఆగనని మాటిచ్చింది కదా. ఫోన్ అందుకుంది. అగ్నిమాపక దళానికి చెయ్యబోతోంది. అప్పుడే చేతిలోనే మోగింది. తెర మీద తమ్ముడి నంబరు.

“అక్కా. దిగేశాం.”

అమ్మయ్య. ఆ ఒక్క మాటకి ఆవిడ అక్కడే నేల మీద కూలబడింది. కళ్ల నీళ్లొచ్చాయి. మన ఆడవాళ్ల సంగతి మీకు తెలుసు కదా, ప్రాణం కుదుటపడగానే ముందు వచ్చేది కోపం. పిల్లాడు గోడెక్కితే, సైకిల్ మీంచి పడితే, బడి ఎగ్గొడితే అమ్మలు ఎలా కేకేస్తారు? ముద్దుపేరుతో కాదు. ఇంటిపేరుతో సహా, అక్షరం వదలకుండా. యూచిన్ కూడా చిన్నప్పట్నుంచీ వాడిని తిట్టాల్సి వస్తే అలాగే.

“లియావ్ జింగ్‌హాన్! చీకటి పడేదాకా ఏం చేస్తున్నావురా? చచ్చిపోతున్నానిక్కడ!”

అవతల నీళ్ల హోరు ఒక్కటే. లోతుగా, రాళ్ల మధ్య ఇరుక్కున్న హోరు.

“విన్నావా లేదా?”

“లియావ్...” అంది ఆ గొంతు. తమ్ముడి గొంతే. కానీ నెమ్మదిగా, కొత్త పళ్లతో నమిలి చూస్తున్నట్టు. “జింగ్... హాన్.”

“ఏంట్రా?”

“ఏం లేదక్కా. వస్తున్నాం. నువ్వు ఎవరికీ ఫోన్ చెయ్యకు.”

ఆ గొంతే ఫోన్ పెట్టేసింది.

యూచిన్ నేల మీంచి లేచింది. ఏదో తేడాగా ఉందని అనిపించలేదా అంటారా? అనిపించింది. కానీ మనసు ఒక శుభవార్త విన్నాక దాన్ని వెనక్కివ్వడానికి ఒప్పుకోదు. అలిసిపోయి ఉంటాడు, సిగ్నల్ బాగోలేదు. అంతే. ముఖం కడుక్కుంది. గుయ్ పిన్నికి చెప్పి వచ్చింది. పంది మాంసం ముక్కలు పొయ్యి మీద పెట్టింది. అగ్నిమాపక దళానికి ఫోన్ చెయ్యలేదు.

అన్నం ఉడికి, కూర దగ్గరపడి, పొయ్యి కట్టేశాక ఫోన్ మళ్లీ మోగింది. అదే నంబరు.

“అక్కా... ముల్లంగిని.” ఊపిరి అందడం లేదు. “ఇప్పుడే వంతెన మీదకొచ్చాం. నీళ్లు పొంగాయి. తాబేలు కాలు మడత పడింది, మోసుకొచ్చా. వాణ్ణి బండి వైపు కూర్చోబెట్టా. సిగ్నల్ కోసం నేను వంతెన మధ్యకొచ్చా. భయపడ్డావా? ఎవరికైనా చేశావా?”

“ఇందాక నువ్వే కదరా చేశావు. దిగేశామని.”

“లేదక్కా. ఫోన్ ఇప్పుడే తీశా. ఇందాకా సంచి అడుగునే ఉంది.”

తర్వాత వాడు గొంతు తగ్గించాడు. “అక్కా, నువ్వు ఎక్కడున్నావు?”

“ఇంట్లో. వంటింట్లో.”

“మరి... వెనక గండి వైపు ఒడ్డు మీద దీపం పట్టుకుని ఉన్నది ఎవరు? చాలాసేపట్నుంచీ పిలుస్తోంది. నా అసలు పేరు. ఇంటిపేరుతో. నీ గొంతే అక్కా. నువ్వు తిట్టినట్టే తిడుతోంది.”

ఇందాక తను అరిచిన అరుపు యూచిన్ చెవిలో మోగింది. ఆ పేరు ఎవరికి అందించిందో అప్పుడు తెలిసింది.

“పలకకు” అంది గుసగుసగా. “నాన్నా, పలకకు. తిరిగి చూడకు. తాబేలు దగ్గరికి నడువు.”

“పలకలేదింకా. కానీ అక్కా... నీ వెనక నీళ్ల చప్పుడేంటి?”

ఆవిడ చుట్టూ చూసింది. పంపు కట్టేసి ఉంది. పొయ్యి ఆరిపోయి ఉంది. వంటిల్లు గుడిలా నిశ్శబ్దంగా ఉంది.

“ఇక్కడేం చప్పుడు లేదురా.”

“హోరుమంటోంది. ఫోన్లో నువ్వు... ఏటి అడుగునుంచి మాట్లాడుతున్నట్టున్నావు. అక్కడ ఉన్న నువ్వేమో మామూలుగా ఉన్నావు. స్పష్టంగా. అన్నం చల్లారిపోతోందంటోంది.”

“అది నేను కాదు! నీ మోకాలి మీద మచ్చ గుర్తుందా? రేవులో మంచుగడ్డల బండి కింద...”

“అదీ చెప్పింది. ఇందాకే.”

“అమ్మ పోయిన రోజు నువ్వు బీరువాలో...”

“అదీ.”

యూచిన్ ఏడుస్తోంది. తాతా, తాతా, తాతా అని లోపల ఒకటే పిలుపు. ఏం చెబితే నమ్ముతాడు? తను చెప్పబోయే ప్రతి మాటా అక్కడ ముందే చేరిపోయి ఉంది. ఫోన్లో వంతెన తీగల కిర్రుమనే చప్పుడు వినపడింది. అడుగుల చప్పుడు. వాడు నడుస్తున్నాడు. ఏ వైపుకో తెలియదు.

“ఆగు. ఒరేయ్ ముల్లంగీ, ఆగు.”

ఆగలేదు.

“నాన్నా... ఆగరా...”

ఆగలేదు. చిన్నప్పట్నుంచీ వాణ్ణి నిలబెట్టే పిలుపు ఒక్కటే ఉంది. గోడ అంచున ఉన్నా, రోడ్డు మధ్యలో ఉన్నా, అది వింటే టక్కున ఆగేవాడు. పిలవకూడదని తెలుసు. తెలిసే, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కిర్రు, కిర్రు, తీగలు. ఇంక ఉండబట్టలేదు.

“లియావ్ జింగ్‌హాన్!”

అడుగులు ఆగాయి.

“ఆఁ అక్కా” అన్నాడు. ఎంత మెత్తగా అన్నాడంటే, పొద్దున్నే నిద్రలేపితే పలికినట్టు. “వస్తున్నా.”

ఎవరికి పలికాడో... ఆవిడకి ఈనాటికీ తెలియదు.

హోరు. తర్వాత అదీ లేదు.

అగ్నిమాపక దళం వాళ్లు వెళ్లేసరికి వంతెన ఇవతల తాబేలు ఒక్కడే వణుకుతూ కూర్చున్నాడు. వాడు చెప్పింది ఇంతే: “అక్కా, మీరు అవతలి ఒడ్డున కనపడ్డారు. వాడు ఫోన్ చెవి దగ్గర పెట్టుకునే నవ్వుకుంటూ మీ దగ్గరికి వెళ్లాడు. మీరు వాడి చెవి మెలిపెట్టారు. దీపం ఆరిపోయింది.” అలా చెబుతూ యూచిన్ ముఖంలోకి చూడలేదు. ఆ తర్వాత కూడా ఎప్పుడూ చూడలేదు.

ఏరు తీసేదాకా వెతికారు. బట్ట ముక్క దొరకలేదు.

దొరకనివాళ్లని అలా వదిలెయ్యలేం కదా. ఇంటికి పిలుచుకు రావాలి. అది మన ధర్మం. గుయ్ పిన్ని మంత్రాలాయన్ని కుదిర్చింది. ఆకులతో ఉన్న వెదురు కర్రకి తమ్ముడి చొక్కా కట్టారు. అందరూ వంతెన అవతలి ఒడ్డుకి వెళ్లారు. మంత్రాలాయన గంట వాయించాడు. పిలవాల్సింది రక్తం పంచుకున్నవాళ్లే. పిలవాల్సింది అసలు పేరుతోనే. ముల్లంగీ అంటే ప్రేతం కదలదు.

యూచిన్ కర్ర పట్టుకుని ఏటి వైపు చూసి ఆ పేరు పిలిచింది. వస్తావా అని అడిగి, నెలవంకల్లా చెక్కిన రెండు కర్రబిళ్లలు నేల మీద వేశారు. ఒకటి వెల్లకిలా, ఒకటి బోర్లా పడితే ఔనని. రెండూ బోర్లా పడ్డాయి. కాదు. మళ్లీ పిలిచింది. కాదు. మంత్రాలాయనకి చెమట పట్టింది.

“ఏడవకమ్మా. ఏడిస్తే తోవ తెలియదు. ఇంట్లో పిలిచినట్టు పిలువు.”

ఆవిడ కళ్లు తుడుచుకుని, గొంతు సవరించుకుని, తిట్టినట్టు పిలిచింది.

ఔను.

చేతిలో కర్ర కిందికి వంగింది. గాలి లేదు. చొక్కా బరువెక్కి, నానిన బట్టలా వేలాడింది. చూస్తే పొడిగానే ఉంది. యూచిన్ దాన్ని గుండెకి హత్తుకుంది. “వచ్చాడు పిన్నీ, నా తండ్రి వచ్చాడు” అంది. గుయ్ పిన్ని మాత్రం దగ్గరికి రాలేదు. మంత్రాలాయన చెవిలో ఏదో అడిగింది. ఆయన తల అడ్డంగా ఊపి, “పేరున్నవాడు వస్తాడు. మనం అంతవరకే” అన్నాడు. ఆ మాట యూచిన్ కూడా వింది.

తిరుగు ప్రయాణంలో వ్యాన్ నడుపుతున్నది పిన్ని అల్లుడు. పక్కన మంత్రాలాయన. మధ్య సీట్లో యూచిన్, ఒళ్లో కర్ర. ఆవిడ పక్కన పిన్ని. వెనక సీట్లో తాబేలు. ప్రాణం పోయినవాడికి నీళ్లు దాటడం తెలియదు కాబట్టి వంతెన వచ్చినప్పుడల్లా చెప్పాలి. చెప్పకపోతే అక్కడే ఉండిపోతాడు. కొండ దిగే దారంతా వంతెనలే. ప్రతి వంతెనకీ యూచిన్ చొక్కా మీద చెయ్యి వేసి, “వంతెన వచ్చింది నాన్నా, దాటుదాం” అంది. అన్నప్పుడల్లా ఒళ్లో బరువు పెరిగింది. తొడలు తిమ్మిరెక్కాయి. వ్యాన్‌లో తడి రాయి వాసన.

పేరున్నవాడు వస్తాడు. యూచిన్ అదే ఆలోచిస్తోంది. వాడి పేరు తనే ఇచ్చేసింది. తన నోటితోనే తీసి ఏటిలో పడేసింది. మరి ఇప్పుడు ఆ పేరుకి కదిలి వచ్చింది ఎవరు? పేరు పోయినవాడు ఆ రాళ్ల మధ్యే ఉంటే, ఇంక వాణ్ణి ఏమని పిలవడం? ఏ గుళ్లో, ఏ మంత్రంతో?

ఊరి దీపాలు కనపడ్డాయి. ఇంకొక్క వంతెన. అది దాటితే రేవు, సందు, పొలిమేర తాత గుడి, ఇల్లు.

చెప్పకపోతే ఇది ఇక్కడే ఉండిపోతుంది, అనుకుంది. ఒకవేళ వాడే అయితే... వాడూ ఉండిపోతాడు. వాణ్ణి రెండోసారి వదిలేసినట్టవుతుంది. వ్యాన్ వంతెన మొదట్లో నెమ్మదించింది. పిన్ని అల్లుడు అద్దంలో ఆవిడ వైపు చూశాడు, చెప్పమన్నట్టు. యూచిన్ పెదాలు బిగించింది. పిన్ని తన చేతిని గట్టిగా పట్టుకోవడం తెలుస్తోంది. చెప్పనా... వద్దా...

“వంతెన వచ్చింది నాన్నా. దాటుదాం.”

“సరే అక్కా” అని పిన్ని అల్లుడు గేరు మార్చాడు. వ్యాన్ కదిలింది. వెనక తాబేలు ఏడుపు మొదలుపెట్టాడు. పిన్ని మెల్లగా తల తిప్పి యూచిన్ నోటి వైపు చూసింది.

యూచిన్ పెదాలు ఇంకా బిగించే ఉన్నాయి.